ఒంగోలు గిత్తను కట్టే ముందు

అమ్మలూ,

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి జంతువుగా ఒంగోలు గిత్తను ఎంచుకున్నావు. మంచిదే గానీ తేలిక కాదు. బొచ్చుకుక్కయితే కీళ్ల దగ్గరి తప్పులు బొచ్చు కింద దాగిపోతాయి. గిత్తవి పొట్టి వెంట్రుకలు, పైగా తెల్లటి ఒళ్లు. ఏ తప్పు చేసినా నీడై బయటపడుతుంది.

కంప్యూటర్ తెరిచే ముందు కాగితం మీద ఎముకలు గీసుకో. ముందుకాలికి మనం మోకాలనేది నిజానికి మణికట్టు. వెనకకాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చేది మడమ. అసలు మోచెయ్యి రొమ్ము పక్కన ఒంటికి ఆనుకుని ఉంటుంది, అసలు మోకాలు డొక్క దగ్గర ఉంటుంది. జబ్బ ఎముక, తొడ ఎముక చాలావరకు ఒంట్లోనే దాక్కుంటాయి. ఇది తెలియనివాళ్లు పొట్ట అడుగునుంచే కాళ్లు లాగుతారు, గిత్త కాస్తా బల్లలా తయారవుతుంది. నడిపించబోతే కాలు ఎక్కడ మడవాలో బొమ్మకే తెలియదు.

ఫోటోలు పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి చాలు. దూరంగా నిలబడి జూమ్ చేసి తీయాలి. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే తల పెద్దదై, వెనకభాగం కుంచించుకుపోతుంది, ఆ కొలతలే మోడల్లోకి వస్తాయి. మూపు దగ్గర ఎత్తు ఒకటిన్నర మీటరు పెట్టుకో. తల మైనస్ వై వైపు ఉండాలి.

12 పలకల సిలిండర్‌ను పడుకోబెట్టి, సగం కోసేసి, మిర్రర్ మాడిఫయర్ (ఒక సగాన్ని అద్దంలోలా రెండో వైపూ చూపించేది) పెట్టి క్లిప్పింగ్ (బిందువులు నడిగీత దాటకుండా ఆపేది) టిక్ చెయ్యి. కాలు రావాల్సిన చోట, జబ్బనూ కలుపుకుని, రెండు వరసల్లో రెండేసి ముఖాలు (ఉపరితలంలోని చదును ముక్కలు) ఎంచి ఎక్స్‌ట్రూడ్ చేస్తే, అంటే బయటికి లాగితే, 8 అంచుల గొట్టం వస్తుంది. కాలికి అది చాలు. ప్రతి కీలుకీ మూడు లూపులు, అంటే చుట్టూ తిరిగే అంచుల వరసలు, ఇవ్వు. మడిచినప్పుడు సాగే వైపు అవి ఎడంగా, ముడుచుకునే వైపు దగ్గరగా ఉండాలి. ఒకే లూపు పెడితే మడత దగ్గర కాలు నలిగిన పైపులా చదునవుతుంది. అయిదు అంచులు కలిసే బిందువులు తప్పవు, వాటిని కీళ్ల మీదికి రానీయకుండా డొక్క మీదికి నెట్టు.

గంగడోలు దగ్గర చాలామంది బోల్తా పడతారు. గొంతు కింద నడిగీత పక్క ముఖాల్ని కిందికి ఎక్స్‌ట్రూడ్ చేసినప్పుడు, సరిగ్గా ఆ గీత మీద కంటికి కనబడని లోపలి ముఖాలు పుడతాయి. సబ్‌డివిజన్ (ఉపరితలాన్ని నునుపు చేసే మాడిఫయర్) పెట్టగానే మధ్యలో చారలా లోతు కనిపిస్తే కారణం అదే. వాటిని వెతికి తీసెయ్యి. మూపురాన్ని విడిగా అతికించకు, ఒంట్లోంచే పైకి లాగి దాని మొదలు చుట్టూ ఒక లూపు తిప్పు. అందులో ఎముక ఉండదు, కండా కొవ్వే, కాబట్టి నడకలో అది ఊగాలి.

కంటిగుడ్డును ముందు గోళంగా పెట్టి, రెప్పల్ని దాని చుట్టూ కట్టు. కనుపాప అడ్డంగా సాగి ఉంటుంది. నోరు తెరిపించేట్టయితే పైదవడకు ముందుపళ్లు పెట్టకు, పశువులకు అక్కడ గట్టి పంటిచిగురే ఉంటుంది.

రిగ్గింగ్‌కు, అంటే బొమ్మను కదిలించే ఎముకలు అమర్చడానికి, రిగిఫై అనే యాడ్ఆన్‌లో గుర్రం అస్థిపంజరం సిద్ధంగా ఉంది, దాన్నే సాగదీసి వాడుకో. మూపురానికి రెండు, గంగడోలుకు మూడు ఎముకలు చేర్చి, వాటి రిగ్ రకం సూపర్ కాపీ (ఎముకను ఉన్నదున్నట్టు నకలు చేసేది) పెట్టు. డిఫార్మ్ టిక్ ఉందో లేదో చూసుకో, లేకపోతే ఆ ఎముక కదిలినా చర్మం కదలదు. మెష్‌ను (గిత్త ఒంటి ఆకారాన్ని) ఎముకలకు కట్టే ముందు కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చెయ్యి, మిర్రర్‌నూ అప్లై చెయ్యి. సబ్‌డివిజన్ మాత్రం మాడిఫయర్ల జాబితాలో ఆర్మేచర్ (ఎముకలతో మెష్‌ను కదిలించేది) కిందే ఉండాలి. ఆటోమేటిక్ వెయిట్స్ (ఏ ఎముక చర్మాన్ని ఎంత కదపాలో తనే లెక్కకట్టేది) దగ్గర బోన్ హీట్ ఎర్రర్ వస్తే ఎముకల్ని తిట్టుకోకు. ఒకదాని మీద ఒకటి పడ్డ బిందువులో, ఇందాకటి లోపలి ముఖాలో మిగిలుంటాయి. మెర్జ్ బై డిస్టెన్స్ (దగ్గరి బిందువుల్ని కలిపేది) చేసి, లోపలి ముఖాల్ని తీసేసి మళ్లీ ప్రయత్నించు. కొమ్ములకు తల ఎముక వెయిట్ పూర్తిగా 1 ఇవ్వు, లేదంటే తల ఊపినప్పుడు రబ్బరు కొమ్ముల్లా వంగుతాయి.

నడకకు 32 ఫ్రేములు తీసుకో, సెకనుకు 24 చొప్పున. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, ఈ వరసలో ఒక్కో కాలు 8 ఫ్రేముల తేడాతో నేలను తాకాలి. ఒక్కో గిట్ట సుమారు 20 ఫ్రేములు నేల మీదే ఉంటే బరువు తెలుస్తుంది. అంతకన్నా తగ్గితే గిత్త గాల్లో తేలినట్టుంటుంది. 33వ ఫ్రేమ్ మొదటిదానికి నకలు, రెండర్ (చివరి బొమ్మలు తీయడం) మాత్రం 32 దగ్గరే ఆపు, లేకపోతే ప్రతి చుట్టుకీ చిన్న తడబాటు వస్తుంది. మూపురం, గంగడోలు ఒంటికన్నా రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా కదలాలి. అనుమానం వస్తే మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ 1887లో అచ్చువేసిన 781 ఫోటో పలకలు వెతికి చూడు. నాలుక్కాళ్ల నడక అడుగడుగునా అందులో దొరుకుతుంది.

రంగుల జోలికి ఇంకా పోకు. ఆ 32 ఫ్రేముల నడకను బూడిద రంగు మెష్‌తోనే, పక్కనుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి రెండర్ చేసి పంపు.

మామయ్య