శాంక్షన్ ఫీజు అని కట్టారు, రసీదులో ‘దేణిగె’ అని ఉంది

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర. పదేళ్లుగా బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పూల్ (బిలియర్డ్స్ లాంటి బల్లమీది ఆట) పార్లర్ నడుపుతున్నాను. 2023 నవంబరులో 10 లక్షల ప్రైజ్‌మనీతో నైన్‌బాల్ (తొమ్మిది బంతుల పూల్) టోర్నమెంట్ పెట్టాను. ఇక్కడి ఒక పూల్ ఆట సంఘం శాంక్షన్ ఫీజు, అంటే పోటీకి తమ గుర్తింపు ఇచ్చేందుకు రుసుము, రెండున్నర లక్షలు అడిగితే సెప్టెంబరు 9, 10, 11 తేదీల్లో సెక్రటరీ నంబరుకు యూపీఐలో పంపాను. పోటీకి రెండు రోజుల ముందు, నవంబరు 24న, శాంక్షన్ రద్దు చేశారు. ఆడినవాళ్లను నిషేధిస్తామని ఆటగాళ్లకు వాట్సాప్ సర్క్యులర్ పంపారు. 48 మందిలో 31 మంది తప్పుకున్నారు. స్పాన్సర్ పోయాడు, మా ఆవిడ నగలు కుదువలో ఉన్నాయి. ప్రైవేటు ప్రమోటర్ల దగ్గర ఇలా వసూలు చేసే హక్కు సంఘాలకు ఉందా? చీటింగ్ కేసు పెట్టవచ్చా? సంఘం కోశాధికారి మనవాడే, పాత తేదీతో ‘శాంక్షన్ ఫీజు’ అని కొత్త రసీదు రాసిస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా ఆ సెక్రటరీ గుణగణాలు, ఆపైన ప్రపంచ పూల్ సంస్థ డబ్ల్యూపీఏకీ ఇంగ్లండ్ ప్రమోటర్ మ్యాచ్‌రూమ్‌కీ మధ్య శాంక్షన్ గొడవ. అవి చదివాక జతచేసిన రసీదు జిరాక్స్ చూశాను. కేసు అక్కడుంది. అందులో రాసిన మాట ‘దేణిగె’. కన్నడంలో విరాళం అని. పదేళ్లు బెంగళూరులో ఉన్నారు, లిపి ఇంచుమించు మనదే, కూడబలుక్కుని అయినా చదివి ఉండాల్సింది. మీరు చదవకపోగా కింద సంతకం కూడా పెట్టారు. ‘ఇష్టంగా విరాళం ఇచ్చాడు, వాపసు ఏమిటి?’ అన్నదే ఎదుటి లాయరు మొదటి మాట.

ముందు కొత్త రసీదు సంగతి. ఆ కాగితాన్ని ముట్టుకోకండి. రసీదు పుస్తకాలకు వరుస నంబర్లుంటాయి, లెక్కలు ఆడిటరు దగ్గరుంటాయి. ఈ నంబరుకు ముందూ వెనకా ఉన్న రసీదులు ఏ తేదీవని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, నిజమైన మీ బాకీ కూడా అబద్ధంలా కనిపిస్తుంది. కోర్టు కోసం తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. మీ ‘మనవాడు’ కోశాధికారి కూడా మీ పక్కనే నిలబడతాడు, బోనులో.

చీటింగ్ కేసు వద్దు. డబ్బు తీసుకునేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. వాళ్లు రెండు నెలలు మీ పోస్టర్ మీద తమ లోగో వాడనిచ్చారు, రిఫరీల పేర్లు కూడా పంపారు. పోలీస్ స్టేషన్ వసూళ్ల ఆఫీసు కాదు.

ఇక హక్కు మాట. ర్యాంకింగ్ పాయింట్లు, రిఫరీలు, సంఘం పేరు ఇచ్చి ఫీజు తీసుకోవడం దానంతట అది నేరం కాదు. మేము దీవించని పోటీలో ఆడితే వెలి వేస్తామనడం వేరు. అఖిల భారత చెస్ సమాఖ్య అలాంటి నిబంధనే పెట్టుకుంటే, మార్కెట్లో పోటీని అడ్డుకునేవాళ్లపై చర్య తీసుకునే కాంపిటీషన్ కమిషన్ 2018 జులైలో తప్పుపట్టి దాదాపు 6.92 లక్షల జరిమానా వేసింది. అంతర్జాతీయ ఐస్ స్కేటింగ్ సమాఖ్య విషయంలో 2023 డిసెంబరులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం చెప్పిందీ ఇంచుమించు అదే, కాకపోతే ఆ తీర్పు ఇక్కడ మనల్ని కట్టిపడేయదు. అయితే ఆ చెస్ ఫిర్యాదు 2011 నాటిది, తేలడానికి ఏడేళ్లు పట్టింది. పైగా జరిమానా ప్రభుత్వానికి పోతుంది, నష్టపరిహారానికి మళ్లీ ఎన్‌క్లాట్‌కు (జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్) వెళ్లాలి. కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికీ మూడేళ్ల గడువే. నగలు విడిపించుకునే దారి అది కాదు.

మీ దారి మామూలు డబ్బు దావా. ఉచితంగా ఇవ్వని డబ్బుతో అవతలివాడు లాభపడితే తిరిగి ఇవ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 చెబుతుంది. ‘ఉచితంగా కాదు’ అని నిరూపించే కాగితం మీ కవర్లోనే ఉంది, మీరే దాని విలువ చూడలేదు. సంఘం ఈమెయిల్‌లో పంపిన ఫీజు పట్టికలో ప్రైజ్‌మనీ 10 లక్షలైతే ఫీజు 2,50,000 అని ఉంది. మీ చెల్లింపులు లక్ష, లక్ష, యాభై వేలు. మూడోదానికి యూపీఐ నోట్‌లో మీరే ‘శాంక్షన్ బ్యాలెన్స్’ అని టైప్ చేశారు. విరాళం ఇచ్చేవాడు బ్యాలెన్స్ కట్టడు.

గడువు మూడేళ్లు. శాంక్షన్ రద్దయిన రోజు నుంచి లెక్కిస్తే 2026 నవంబరు 24. కానీ డబ్బు అందిన రోజు నుంచే లెక్కించాలని ఎదుటివాళ్లు వాదిస్తారు, కాబట్టి 2026 సెప్టెంబరు 9నే చివరి రోజు అనుకోండి. సెక్రటరీ వాట్సాప్‌లో ‘చూద్దాం అన్నా’ అన్నాడని ధీమాగా ఉన్నారు. అది బాకీ ఒప్పుకోవడం కాదు, దానితో గడువు ఒక్కరోజూ పెరగదు. క్లెయిమ్ 3 లక్షలకు తక్కువ కాకుండా వాణిజ్య వివాదం కిందికి వస్తే దావాకు ముందు న్యాయసేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఆ కాలం గడువులోంచి మినహాయిస్తారు గానీ, ఆఖరి వారంలో పరుగెత్తకండి.

ఈ వారమే బ్యాంకు నుంచి ధృవీకరించిన స్టేట్‌మెంట్ తీసుకోండి. సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో సంఘం బైలాస్, ఆడిట్ లెక్కల నకళ్లకు అర్జీ పెట్టండి. రెండున్నర లక్షలు ఆ లెక్కల్లో లేకపోతే సెక్రటరీ సొంతంగా జవాబు చెప్పుకోవాలి. అందుకే నోటీసు సంఘానికీ ఆయనకూ విడివిడిగా స్పీడ్ పోస్టులో పంపాలి. టేబుళ్ల అద్దె బిల్లులు ఉన్నాయి గనుక అవీ అడగండి. నోటిమాటగా ఒప్పుకున్న స్పాన్సర్ 4 లక్షలు మాత్రం వదిలేయండి. సర్క్యులర్ అందుకున్న ఆటగాళ్లలో ఇద్దరైనా సాక్ష్యానికి రావాలి.

చాట్ పోయిందన్నారు, ఫోన్ మార్చానన్నారు. పాత ఫోన్ మీ అబ్బాయి ఆటలకు వాడుతున్నాడని నాలుగో పేజీ చివర్లో, అదేదో ఇంటి సంగతిలా రాశారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్‌కు నిపుణుడు చూడాల్సింది ఆ ఫోన్‌నే. రీసెట్ చేయించకండి, దేన్నీ తుడిచేయకండి. ముందు దాన్ని పిల్లాడి చేతిలోంచి తీసుకోండి.