అమ్మాయి హిస్టరీలో పీహెచ్‌డీ అంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. ఇరవై ఎనిమిదేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. నాకు ఉద్యోగం ఇంకో ఆరేళ్లే ఉంది. మా పెద్దమ్మాయికి 23 ఏళ్లు, ఈ ఏడాది ఎంఏ హిస్టరీ 62 శాతంతో పాసైంది. పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. మా బావమరిదేమో బీఎడ్ చేయించి టీచర్ ఉద్యోగం చూడమంటున్నాడు. మా ఆవిడకు పెళ్లి టెన్షన్. మా తాత శ్రీహరికోట నుంచి మద్రాసుకు కట్టెల పడవలు నడిపేవాడు, దాని మీద రాస్తానంటోంది అమ్మాయి. హిస్టరీ అంటే రాజుల కథలు కదా, ఇలాంటివాటికి కూడా డాక్టరేట్ ఇస్తారా? మా మేనత్తకు ఎనభై దాటాయి, ఆమె కూడా విని నవ్వుతోంది.
- ఒక తండ్రి, చెన్నై

జవాబు: ఇస్తారండీ. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ పడవ సంగతే. దాని దగ్గరికి వస్తాను, ముందు డబ్బు మాట్లాడుకుందాం.

హిస్టరీ పీహెచ్‌డీ అనగానే అందరూ 'తర్వాత ఉద్యోగం వస్తుందా' అనే అడుగుతారు. చదివినన్నాళ్లు ఇల్లు గడిచేదెలా అని అడిగేవాళ్లు తక్కువ. విశ్వవిద్యాలయాల నిబంధనలు చూసే యూజీసీ లెక్క ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. హిస్టరీలో మూడేళ్లకు ముగించినవాళ్లను నేనైతే చూడలేదు. ఐదేళ్లు అనుకోండి. అంటే మీరు రిటైరయ్యే నాటికి అమ్మాయి థీసిస్ చివరి అధ్యాయంలో ఉంటుంది. అందుకని నా మాట ఒకటే: పీహెచ్‌డీకి ఒప్పుకోండి, కానీ ఫెలోషిప్ (పరిశోధన చేసినన్నాళ్లు నెలనెలా ఇచ్చే డబ్బు) లేకుండా ఈ ఏడాదే ఎక్కడో ఒక చోట చేరిపోతానంటే మాత్రం ఒప్పుకోకండి.

ఫెలోషిప్ అంటే ముఖ్యంగా జేఆర్ఎఫ్, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. కాలేజీ లెక్చరర్ అర్హతకు దేశమంతటా పెట్టే యూజీసీ నెట్ పరీక్షలో పైస్థాయి మార్కులు వచ్చినవాళ్లకు ఇస్తారు. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత మూడేళ్లు 42,000. కూడితే ఐదేళ్లకు సరిగ్గా 24 లక్షలు, ఇంటద్దె భత్యం కాక. జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే దొరికేది నెలకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అదీ ఉండదు. ఒకే డిపార్ట్‌మెంట్లో, ఒకే గైడ్ (థీసిస్ దగ్గరుండి రాయించే అధ్యాపకుడు) దగ్గర, పక్కపక్క కుర్చీల్లో కూర్చునే ఇద్దరి మధ్య తేడా ఇంత ఉంటుంది. రెండో కుర్చీలోవాళ్లు ట్యూషన్లు చెప్పుకుంటూ, కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా గంటల లెక్కన పనిచేస్తూ, థీసిస్‌ను ఆదివారాలకు నెట్టేస్తుంటారు.

నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ పేరుతో జరుగుతుంది. జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు, ఆడపిల్లలకు ఇంకో ఐదేళ్ల సడలింపు ఉంది. కాబట్టి మీ అమ్మాయికి తొందరేం లేదు, రెండు మూడు ప్రయత్నాలు చేయనివ్వండి. మొత్తం 300 మార్కుల్లో 200 హిస్టరీవి, 100 మార్కులు పేపర్ వన్‌వి. హిస్టరీ పిల్లలు దెబ్బతినేది ఆ పేపర్ వన్‌లోనే. అందులో లెక్కల పట్టికలు, రీజనింగ్, కంప్యూటర్ ప్రశ్నలు ఉంటాయి. హరప్పా నుంచి 1947 దాకా కంఠతా పట్టి, శాతాల లెక్క దగ్గర చతికిలపడ్డవాళ్లను చాలామందిని చూశాను. రోజుకు గంట దానికే కేటాయించమనండి. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్న కూడా వదలొద్దని చెప్పండి.

జేఆర్ఎఫ్ అందకపోయినా ఆ స్కోరు వృథా కాదు. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాల్లో మూడు తరగతులున్నాయి. జేఆర్ఎఫ్‌తో పాటు అన్నీ వచ్చేది ఒకటి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొచ్చేది రెండోది, కేవలం పీహెచ్‌డీ ప్రవేశానికే పనికొచ్చేది మూడోది. చివరి రెండింటికీ పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ప్రవేశానికి ఆ స్కోరు ఏడాది పాటే చెల్లుతుంది. కొన్ని యూనివర్సిటీలు సొంత ఎంట్రన్స్ పెట్టుకుంటాయి కాబట్టి ఎక్కడికక్కడ నోటిఫికేషన్ చూసుకోవాలి.

ఎక్కడ చేరాలనేది అడగలేదు కానీ చెబుతాను. చెన్నైలోనే చేపాక్‌లో మద్రాసు విశ్వవిద్యాలయం, ఐఐటీలో హ్యుమానిటీస్ విభాగం, అడయార్‌లో మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఉన్నాయి. ఇల్లు వదిలి వెళ్లగలిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అయితే బోర్డు మీద పేరు కన్నా గైడ్ ముఖ్యం. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు మా గైడ్‌గారికి సర్వీసు ఏడాదిన్నరే మిగిలిందని నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. టాపిక్ చూస్తే 'మద్రాసు రాష్ట్రంలో జాతీయోద్యమం'! దాన్ని పది మంది పంచుకున్నా తెమలదు. ఆయన వెళ్లిపోయాక కొత్త గైడ్ దొరకడానికి పది నెలలు పట్టింది. వచ్చినాయన టాపిక్ మార్చమన్నారు. నాలుగో ఏట మానేసి ఈ సలహాల పనిలో పడ్డాను. ఇప్పుడు నిబంధన మారింది, రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4, అంతకు మించి ఉండకూడదు కూడా. కాబట్టి ఇంటర్వ్యూకు ముందే ఆ గైడ్ దగ్గర ఖాళీ ఉందో లేదో అమ్మాయి కనుక్కోవాలి. శోధ్‌గంగ అని దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే సైట్ ఉంది. గైడ్ పేరు కొట్టి, ఆయన కింద ఎవరు ఏ టాపిక్ మీద రాశారో, ఎన్నేళ్లు పట్టిందో చూడమనండి. ఒక సాయంత్రం కూర్చుంటే ఆయన పద్ధతేంటో తెలిసిపోతుంది.

ఇక పడవ. 'రాజుల కథలు' అనే మాట మన బడి పుస్తకాల పుణ్యం. శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద మద్రాసు చేరేవి, ఊళ్లో పొయ్యిలు వాటితో వెలిగేవి. ఆ కాలువ 1806లో కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించడంతో మొదలైంది. తర్వాత పులికాట్ దాటి ఉత్తరానికి, పెదగంజాం దాకా పోయింది. 1876-78 కరువులో కూలి పనిగా ఊళ్లో కూవం, అడయారు నదుల మధ్య ముక్క తవ్వించారు, అప్పటి గవర్నర్ పేరే కాలువకు మిగిలింది. ఇప్పుడు చెన్నైలో దాని మీద లోకల్ రైలు స్తంభాలు నిలబడి ఉన్నాయి. అడవి శాఖకు కట్టెల మీద ఎంత వచ్చేది, పడవవాడికి ఎంత దక్కేది, సరంగు (పడవ నడిపే పెద్ద) ఎవరు, కూలీ ఎవరు, రైలు వచ్చాక ఏమైంది? థీసిస్ అంటే ఇలాంటి ప్రశ్నలే. 'కోస్తాంధ్ర ఆర్థిక చరిత్ర' అని పెట్టుకుంటే నాలాగే మునుగుతుంది. 'ఫలానా సంవత్సరాల మధ్య శ్రీహరికోట - మద్రాసు కట్టెల రవాణా' అంటే ఒడ్డు చేరుతుంది.

పైగా కాగితాలు మీకు పక్కనే ఉన్నాయి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో భాగమే కదా, ఆ కాలపు ప్రభుత్వ రికార్డులకు పెద్ద నిలయం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. ఏ శాఖ, ఏ సంవత్సరం, ఏ జీవో అని ఇండెక్స్ పుస్తకాల్లో వెతికి, నంబరు చీటీ మీద రాసివ్వాలి. కట్ట వస్తుంది. ఒక్కోసారి చీటీయే 'దొరకలేదు' అని తిరిగొస్తుంది. వచ్చిన కాగితం అంచు వేలు తగిలితే అప్పడంలా విరుగుతుంది. రోజంతా తిరగేస్తే పనికొచ్చేవి మూడు లైన్లు దొరకవచ్చు, ఆ మూడు లైన్లకే సంబరపడేవాళ్లకు ఈ చదువు అచ్చొస్తుంది. నెట్‌కు చదువుతూనే వారానికి ఒకరోజు మూడు నెలల పాటు అక్కడికి వెళ్లమనండి. కాలేజీ నుంచి పరిచయ లేఖ తీసుకుంటే పని సులువు. విసుగు పుడితే అప్పుడే తేలిపోతుంది, బీఎడ్ ఎక్కడికీ పోదు. మీ బావమరిదిగారి సలహా చెడ్డదేం కాదు, మొదటి సలహా కాకూడదంతే.

ఇంకో మాట. మీ అమ్మాయి చెన్నైలో చదువుకుంది కాబట్టి తమిళం, ఇంగ్లీషు చదవగలదు. తెలుగు చదవడం కూడా గట్టిగా నేర్పించండి. ఇంగ్లీషు సర్వే అధికారి మెకంజీ కోసం ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా తిరిగి సేకరించినవీ, బ్రౌన్ దొర చేర్చినవీ తెలుగు రాతప్రతులు చెన్నైలోని ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీలో ఉన్నాయి. 1914 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడింది ఈ ఊళ్లోనే. మూడు భాషలూ చదవగలిగిన స్కాలర్ ఇంటర్వ్యూ గదిలో వేరే కనిపిస్తుంది.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ గానీ, రాష్ట్రాలు పెట్టుకునే అలాంటి పరీక్ష సెట్ గానీ చాలు. యూజీసీ స్కేల్లో మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. అయితే రెగ్యులర్ పోస్టులు ఎప్పుడు పడతాయో దేవుడికెరుక. సెట్ రాస్తే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది, నెట్ దేశమంతా చెల్లుతుంది. అందుకే నెట్ ముందు. కాలేజీ కాకపోతే ఆర్కైవ్స్, మ్యూజియంలు, పుస్తక ప్రచురణ ఉన్నాయి, కానీ పోస్టులు కొన్నే.

పెళ్లి గురించి నేను చెప్పేది కాదు. అమ్మగారికి ఒక్క సమాచారం మాత్రం ఇవ్వండి: ఆడవాళ్లకు గడువు పొడిగింపులతో కలిపి పదేళ్ల దాకా ఉంది, మధ్యలో 240 రోజుల ప్రసూతి సెలవూ ఉంది. పెళ్లయితే రిజిస్ట్రేషన్ పోతుందన్న భయం అక్కర్లేదు.

మీ మేనత్తగారు నవ్వారని రాశారు. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మాయిని ఆమె పక్కన కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయించండి. పడవ సొంతమా, బాడుగా? సరుగుడు కట్టెలా, అడవి కట్టెలా? మద్రాసులో ఎక్కడ దించేవాళ్లు? తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చేవాళ్లా, ఏదైనా వేసుకొచ్చేవాళ్లా? ఈ నాలుగూ అడగమనండి.