డైనింగ్ డాలర్లు డిసెంబర్ దాకా రావాలంటే

తమ్ముడూ, అమెరికాలో నీ ఫాల్ సెమిస్టర్ సగం కూడా కాకుండానే డైనింగ్ డాలర్లు (క్యాంపస్‌లో తిండికి ఖర్చుపెట్టుకోవడానికి మీల్ ప్లాన్‌తో వచ్చే డబ్బు) 400కి దిగిపోయాయని టెన్షన్ పడుతున్నావు. ఇంకా పది వారాలు ఉన్నాయన్నావు కదా, ఇంటికెళ్లే థ్యాంక్స్‌గివింగ్ వారం తీసేస్తే తొమ్మిది. అంటే వారానికి 44 డాలర్లు. ప్రతి ఆదివారం బ్యాలెన్స్ ఈ లెక్కతో సరిచూసుకో.

నువ్వు చెప్పినదాన్ని బట్టి డబ్బంతా కాఫీ షాపులోనే పోతోంది. రోజుకో 5 డాలర్ల లాటే, క్లాసులున్న ఐదు రోజులకీ 25 డాలర్లు. వారం బడ్జెట్‌లో సగానికి పైనే! బ్రూ ప్యాకెట్ తెచ్చుకుని గదిలోనే కలుపుకో.

స్వైప్స్ సంగతి వేరు, అంటే కార్డు ఒకసారి గీకితే డైనింగ్ హాల్లో ఒక పూట భోజనం. చాలా ప్లాన్లలో వారం తిరిగేసరికి అవి మురిగిపోతాయి, కాబట్టి ముందు వాటినే వాడు. బఫే డైనింగ్ హాల్లో ఎంత తిన్నా ఒక్క స్వైపే, అందుకే బాగా ఆకలేసే పూట వాటిని వాడుకో.

కిచెన్ ఉంటే రూమ్మేట్స్‌తో కలిసి ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనా మసూరి, కందిపప్పు తెచ్చుకోండి. డార్మ్ గదిలో అయితే రైస్ కుక్కర్‌కి చాలా చోట్ల ఒప్పుకోరు, రూల్స్ చూసుకో.

మరీ ఇబ్బందైతే మీ క్యాంపస్‌లో ఫుడ్ ప్యాంట్రీ (ఉచితంగా తిండి సరుకులిచ్చే చోటు) ఉందేమో కనుక్కో. అది విద్యార్థుల కోసమే పెట్టింది, మొహమాటపడి పస్తులుండకు.