భుజమెక్కడ, మూపెక్కడ?

సందేహం: మా అబ్బాయి సైన్సు పాఠంలో 'భుజాస్థి' అంటే మోచేతికి పైనుండే ఎముక అని ఉంది. భుజమంటే కండువా వేసుకునే చోటు కదా! పుస్తకం తప్పా, మన వాడుక తప్పా? కథల్లో 'భుజాలెగరేశాడు' అని రాస్తున్నారు, అది సరైనదేనా? (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, పుస్తకం తప్పు కాదు. సంస్కృతంలో భుజమంటే చెయ్యి. చతుర్భుజుడికి ఉన్నవి నాలుగు చేతులే. పాణిని 'భుజన్యుబ్జౌ పాణ్యుపతాపయోః' అన్న సూత్రంలో భుజ శబ్దానికి పాణి, అంటే చెయ్యి, అనే అర్థం చెప్పాడు. దేనితో భుజిస్తామో అది భుజం అని వ్యాఖ్యాతల మాట. వంకర తిరగడమనే అర్థం గల మరో భుజ్ ధాతువు ఉంది. వంకరగా పోయే భుజంగం దాని సంతానం. వంగే అవయవం కాబట్టి భుజాన్నీ అక్కడే చేర్చేవాళ్లున్నారు. నా మొగ్గు పాణిని వైపే.

అమరకోశమనే నిఘంటువు కూర్చిన అమరసింహుడు భుజ, బాహు, ప్రవేష్ట, దోస్సులను చేతికి చెప్పి, దాని పైకొసకు స్కంధం, భుజశిరస్సు, అంసం అని వేరే పేర్లు పెట్టాడు. భుజశిరస్సు ఎంత చక్కని మాటో చూడండి! భుజాస్థి పైకొస నిజంగానే గుండ్రని తల. అది వీపు పైభాగాన పలకలా ఉండే రెక్కఎముక అంచున ఉన్న లోతులేని గిన్నెలో ఆనుకుని తిరుగుతుంది. గిన్నె చిన్నది, తల పెద్దది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే తేలిగ్గా కీలు తప్పుతుంది కూడా.

మరి తెలుగులో ఆ మాట పైకెందుకు ఎక్కింది? ఎడమచేతిని కుడి చంక కిందుగా వీపు మీదికి పోనిచ్చి, కుడిచెయ్యి నెమ్మదిగా పైకెత్తండి. రెక్కఎముక జరగడం వేళ్లకు తెలుస్తుంది. చెయ్యి నిట్టనిలువుగా లేచే సుమారు 180 డిగ్రీల్లో 120 దాకా కీలుది, తక్కిన 60 రెక్కఎముకది. చెయ్యీ మూపూ కలిసి లేస్తాయి గనక జనం రెంటినీ ఒక్క మాటలో కలిపేశారని నా ఊహ.

ఈ కదలికను పోతన పట్టుకున్నట్టు మరొకరు పట్టుకోలేదంటాను. భీష్ముడి మీదికి ఉరికే కృష్ణుణ్ణి చూపిస్తూ 'చక్రంబు చేఁబట్టి చనుదెంచు రయమునఁ బైనున్న పచ్చని పటము జాఱ' అన్నాడు. ఆ సీసంలో భుజమన్న మాటే లేదు. కానీ చక్రం పట్టిన చెయ్యి లేచింది, మూపు వాలు మారింది, ఉత్తరీయం నిలవలేదు. ఎత్తిన చెయ్యిని పోతన చెప్పలేదు, జారిన బట్టతో చూపించాడు. చదివినప్పుడల్లా నా కళ్లు చెమరుస్తాయి.

మూపు మన మాట. ఎద్దు కాడి మోసేది మూపుతోనే, మూపురమూ దాని చుట్టమే. జబ్బ కండ ఉన్న చోటు, మల్లులు చరిచేది. రెక్క మొత్తం చెయ్యి, 'రెక్కాడితే గాని డొక్కాడదు' అన్నది అందుకే. త్రిభుజంలో భుజం పక్క గీత. ఇన్ని మాటలుండగా ఇంగ్లీషు 'ఫ్రోజెన్ షోల్డర్'ను 'ఘనీభవించిన భుజం' అని వైద్య వ్యాసాల్లో రాయడమేమిటి? రెక్క లేవడం లేదని, జబ్బ పట్టేసిందని చెప్పుకునే రోగికి ఆ ఘనీభవనం ఏం అర్థమవుతుంది?

ఇక భుజాలెగరేయడం. ఏమో, నాకేం తెలుసు అనాలంటే తెలుగువాడు పెదవి విరుస్తాడు, చెయ్యి తిప్పుతాడు. భుజాలెగరేసేది ఇంగ్లీషు నవలల్లో మనిషి. అయితే ఈనాటి పిల్లలు నిజంగానే ఎగరేస్తున్నారు. పట్నపు కుర్రాడి గురించి రాస్తే కొట్టివేయను. పొలం గట్టు మీది తాతచేత ఎగరేయిస్తే మాత్రం ఒప్పుకోను. గుమ్మడికాయల దొంగ తడుముకున్న భుజాలు మాత్రం అచ్చంగా మీరన్న చోటే ఉన్నాయి, కాబట్టి మీ వాడుకా తప్పు కాదు.