పేరున్న బ్రాండ్లకి గూగుల్ యాడ్స్ దేనికి?

ప్రశ్న: సార్ నమస్తే. నేను అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్స్ చేస్తున్నా. మొన్న క్లాస్‌లో లూయీ విట్టన్, రోలెక్స్ లాంటోళ్లకి సెర్చ్ మార్కెటింగ్ (అంటే గూగుల్‌లో వెతికేవాళ్లకి యాడ్స్ చూపించడం) అక్కర్లేదు, వాళ్ల పేరు తెలియనిదెవరికి అన్నారు. రూమ్‌కొచ్చి గూగుల్‌లో ఒక పెద్ద బ్రాండ్ పేరు కొట్టి చూస్తే పైన స్పాన్సర్డ్ అని వాళ్లదే యాడ్ ఉంది, దాని కిందే మళ్లీ వాళ్లదే వెబ్‌సైట్ మామూలుగా వచ్చింది. కింద ఫ్రీగా వస్తుంటే పైన డబ్బులెందుకు కడుతున్నట్టు? మా సార్ చెప్పింది కరెక్టా, ఆ కంపెనీ చేసేది కరెక్టా?
— ఓ పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: మీ సార్ చెప్పింది సగం కరెక్ట్ తమ్ముడూ. ఆ సగానికి గట్టి లెక్కే ఉంది. ఆన్‌లైన్‌లో సరుకులమ్మే సైట్ ఈబే వాళ్లు 2012 మార్చిలో యాహూ, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎమ్మెస్సెన్ సెర్చ్‌లలో తమ పేరు మీద ఇచ్చే యాడ్స్‌ని ఆపేసి చూశారు. ట్రాఫిక్ ఢమాల్‌మంటుంది అనుకుంటాం కదా, ఏం కాలేదు, ఆగిపోయిన క్లిక్కుల్లో 99.5 శాతం కింద ఫ్రీ లింక్ మీంచి వచ్చేశాయి. ఈబే అని టైప్ చేసినవాడు ఈబేకి పోవాలనే చేశాడు, యాడ్ కనపడితే యాడ్ నొక్కుతాడు, కనపడకపోతే కింద లింక్ నొక్కుతాడు, అంతే. పేరు లేని మామూలు మాటల మీద ఇచ్చే యాడ్స్‌ని కూడా గూగుల్‌లో కొన్ని ఏరియాల్లో ఆపి చూస్తే, రోజూ వచ్చే కస్టమర్ల విషయంలో ఆ ఖర్చంతా దండగే అని తేలింది, కొత్తవాళ్లు, ఎప్పుడో గానీ రానివాళ్ల విషయంలోనే కాస్త పనిచేసింది. ఇదంతా 2015లో ఎకనామెట్రికా అనే జర్నల్‌లో పేపర్‌గా వచ్చింది.

మరి ఇన్ని తెలిసీ పెద్ద కంపెనీలు ఎందుకు కడతాయి అంటే, ఒక కారణం ఆ యాడ్స్ నడిపే ఏజెన్సీల రిపోర్టులు. సొంత పేరు మీద యాడ్‌కి క్లిక్ చవగ్గా పడుతుంది, ఎందుకంటే యాడ్ చోట్లని గూగుల్ వేలం వేస్తుంది, అందులో పాట ఒక్కటే చూడరు, వెతికిన మాటకి ఆ యాడ్ ఎంత సరిపోతుందో కూడా చూస్తారు, రోలెక్స్ అని కొట్టినవాడికి రోలెక్స్ కంటే సరిపోయేది ఎవరు? పైగా పేరు కొట్టి వచ్చినవాడు ఎలాగూ కొనేవాడే. దాంతో ఖర్చు తక్కువ, అమ్మకం ఎక్కువ అని రిపోర్ట్ బ్రహ్మాండంగా కనపడుతుంది, మీటింగ్‌లో అందరూ చప్పట్లు. ఎలాగూ వచ్చే కస్టమర్‌ని మేమే తెచ్చాం అని బిల్లేయడం అన్నమాట. నువ్వు రేపు ఉద్యోగంలో చేరాక మొదట చూడాల్సింది ఇదే, బ్రాండ్ పేరు మీద వచ్చిన అమ్మకాలని, పేరు లేకుండా వచ్చినవాటిని విడగొట్టి చూపించమను, చాలాచోట్ల గాలి అక్కడే పోతుంది.

ఇక మీ సార్ వదిలేసిన రెండో సగం. ఈబేలో దొరికేదాన్ని ఈబే అనే పేరు పెట్టుకుని ఇంకోడు అమ్మడు, కానీ లూయీ విట్టన్ బ్యాగ్ అంటే అలా కాదు. ఒక పేరు కొడితే ఎంతమంది బయల్దేరతారో చూడు, సెకండ్‌హ్యాండ్ అమ్మేవాళ్లు, డిస్కౌంట్ సైట్లు, ఫస్ట్ కాపీ అమ్మేవాళ్లు, పక్క బ్రాండ్ వాడు. నీ షాపు బోర్డు కిందే నిలబడి వేరేవాడు రండి రండి అని పిలుస్తుంటే లోపల ఏసీలో కూచుని నా పేరు అందరికీ తెలుసులే అనుకోవడం కుదరదు కదా. మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ బింగ్‌లో వేల బ్రాండ్ల మీద చేసిన ఇంకో పరిశోధన 2018లో వచ్చింది, అందులో పోటీ యాడ్స్ లేనప్పుడు సొంత పేరు మీద యాడ్ వల్ల పెరిగే క్లిక్కులు 1 నుంచి 4 శాతమే అనీ, బ్రాండ్ ఎంత పెద్దదైతే లాభం అంత తక్కువ అనీ తేలింది (ఇక్కడిదాకా మీ సార్ గెలిచారు), పోటీవాళ్లు పైన ఉండి నువ్వు లేకపోతే మాత్రం పెద్ద వాటానే ఎత్తుకుపోతారు. అంటే లగ్జరీ బ్రాండ్‌కి ఆ యాడ్ ప్రచారం కోసం కాదు, కాపలా కోసం. దొంగ లేని రోజు కాపలావాడికి జీతం దండగే, అందుకే ఎవరు పాట పాడుతున్నారో చూసుకుంటూ ఆపుతూ పెడుతూ ఉండాలి గానీ ఏడాది పొడుగునా కళ్లుమూసుకుని కట్టకూడదు అని నేనంటా.

పేరు కొట్టకుండా వెతికేవాళ్ల సంగతి ఇంకో రకం తలనొప్పి. పెళ్లికొడుక్కి మంచి వాచ్, అమ్మకి పర్ఫ్యూమ్ అని వెతికేవాడి మనసులో ఇంకా ఏ పేరూ లేదు, అసలు కొత్త కస్టమర్ అతనే. కానీ అక్కడ ఐదొందల రూపాయల సరుకు పక్కన నిలబడాలి, లగ్జరీవాళ్లకి ఆ సిగ్గు ఎక్కువ. ఖరీదైన బ్యాగుల బ్రాండ్ బొట్టెగా వెనెటా అయితే 2021 జనవరిలో ఏకంగా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ అకౌంట్లే తీసేసింది, అందరూ ఉన్నచోట మేముండం అనే టైపు. షనెల్ (Chanel) బ్రాండ్ అయితే పర్ఫ్యూమ్, మేకప్ ఆన్‌లైన్‌లో అమ్ముతుంది, హ్యాండ్‌బ్యాగ్ కావాలంటే మాత్రం షాపుకి రావాల్సిందే అంటుంది. కాబట్టి ఒకే కంపెనీలో కూడా పర్ఫ్యూమ్‌కి సెర్చ్ యాడ్ అర్థం ఉంది, ఎలాగూ క్యూ కట్టే బ్యాగ్‌కి అంత లేదు. బ్రాండ్ మొత్తానికి కలిపి కావాలా వద్దా అని అడిగితే జవాబు రాదు తమ్ముడూ, ఏ సరుకుకి అని అడగాలి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అక్క కూతురి పెళ్లికి గిఫ్ట్ ఇద్దామని లూయీ విట్టన్ బ్యాగ్ కోసం గూగుల్‌లో వెతికితే పైన యాడ్‌లో 80 శాతం ఆఫ్ అని వచ్చింది. గూగుల్‌లోనే వచ్చింది కదా అని కొన్నా, వచ్చింది చూస్తే జిప్పు కూడా సరిగా పడని డూప్లికేట్. వాళ్ల పేరు మీద వేరేవాళ్లు యాడ్ ఇచ్చుకోడానికి ఎలా ఒప్పుకుంటారండీ?
— ఓ పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అయ్యో, ముందు డబ్బు సంగతి చూడమ్మా. క్రెడిట్ కార్డ్‌తో కట్టి ఉంటే బ్యాంక్‌కి ఫోన్ చేసి నకిలీ సరుకు అని డిస్ప్యూట్ వెయ్యి, లేట్ చెయ్యకు, దానికి గడువు ఉంటుంది. బ్యాగ్ పారెయ్యకు, ఫోటోలు తీసి ఉంచు. ఇండియాలో ఎవరికైనా ఇలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

ఇక మీరడిగిన ప్రశ్న లూయీ విట్టన్ వాళ్లే కోర్టులో అడిగారు. ఫ్రాన్స్‌లో 2003లో గూగుల్ మీద కేసు వేశారు, మా పేరు కొడితే నకిలీ సరుకు సైట్ల యాడ్స్ వస్తున్నాయి, మా పేరుకి ఇమిటేషన్, కాపీ అనే మాటలు తగిలించి కూడా కీవర్డ్‌గా (ఏ మాట వెతికితే యాడ్ కనపడాలో ఆ మాటగా) ఎంచుకోనిస్తున్నారు అని. పారిస్‌లో కింది కోర్టుల్లో గెలిచారు కూడా. చివరికి యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ 2010 మార్చి 23న తీర్పిస్తూ, కీవర్డ్ అమ్మినంత మాత్రాన గూగుల్ ట్రేడ్‌మార్క్ ఉల్లంఘించినట్టు కాదు, యాడ్ ఇచ్చినవాడు మాత్రం ఈ సరుకు ఎవరిదో మామూలు మనిషికి అర్థం కాకుండా యాడ్ రాస్తే వాడు దొరుకుతాడు అంది. మన ఢిల్లీ హైకోర్టు కూడా 2023 ఆగస్టులో సామాన్లు తరలించే అగర్వాల్ ప్యాకర్స్ కేసులో, గూగుల్ ఊరికే పక్కన నిలబడి చూసేది కాదు, ఇందులో దానికీ పాత్ర ఉంది అంటూనే, గందరగోళం లేనప్పుడు పేరుని కీవర్డ్‌గా వాడటం దానంతటదే తప్పు కాదు అంది. అందుకే కీవర్డ్‌గా ఎవరి పేరైనా ఎవరైనా కొనుక్కోవచ్చు, బ్రాండ్ వాళ్లు కంప్లైంట్ ఇస్తే యాడ్ రాతలో ఆ పేరు వాడకుండా గూగుల్ ఆపగలదు, నకిలీ సరుకు యాడ్ అయితే తీసెయ్యగలదు కూడా, కానీ ముందు బ్రాండ్ వాళ్లు చూసుకుంటూ ఉండాలి. పై జవాబులో కాపలా అన్నది ఇందుకే, కోర్టు కాపలా కాయనంది మరి.

ఇకమీదట ఒక్కటి గుర్తుపెట్టుకోమ్మా, లూయీ విట్టన్ అసలు సేల్ పెట్టదు, డిస్కౌంట్ అనేదే లేదు, కాబట్టి కొత్త బ్యాగ్ 80 శాతం ఆఫ్ అని కనపడితే అది అక్కడే అబద్ధం. యాడ్ పక్కన మూడు చుక్కలుంటాయి, నొక్కితే యాడ్ ఇచ్చినవాడి పేరు, దేశం చూపిస్తుంది, పేరుకీ బ్యాగ్‌కీ సంబంధం లేకపోతే బయటికి వచ్చెయ్యండి.

ప్రశ్న: అంత డబ్బున్న కంపెనీ అందరికన్నా ఎక్కువ పాట పాడి పోటీవాళ్లని పూర్తిగా తరిమేయొచ్చు కదా సార్?
— ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: లేదు. పైన ఒకటికి మించి యాడ్స్‌కి చోటుంటుంది, మొదటి చోటు కొన్నా రెండోది వేరేవాడు కొనుక్కుంటాడు. తరమడానికి లాయర్లు కావాలి, మార్కెటింగ్ వాళ్లు కాదు.

ప్రశ్న: మాది విజయవాడలో పాత బంగారం షాపు. మా నాన్నగారి పేరు చెబితే ఊళ్లో అందరికీ తెలుసు. ఏజెన్సీ వాళ్లు నెలనెలా మా షాపు పేరు మీదే గూగుల్ యాడ్స్ నడుపుతూ రిపోర్టులు బాగున్నాయంటున్నారు. నాన్నగారేమో తీసెయ్యమంటున్నారు.
— ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: నాన్నగారి మాట వినొచ్చు గానీ ఒకేసారి తీసెయ్యొద్దు. ఏ మాటలు కొట్టినవాళ్లకి మీ యాడ్ కనపడిందో లిస్ట్ అడగండి, ఇవ్వకపోతే ఏజెన్సీ మార్చండి. అన్నీ మీ షాపు పేరే అయితే, మీ పేరు మీద ఇంకే షాపూ యాడ్ ఇవ్వట్లేదు అని వేరే ఫోన్లో చూసుకుని, గుంటూరు వైపు ఆపి విజయవాడలో ఉంచండి, ఊరు వారీగా ఆపే సౌకర్యం ఉంది, రెండు ఊళ్ల నుంచి వచ్చిన కస్టమర్ల అమ్మకాలు ముందు నెలలతో పోల్చండి. మిగిలిన డబ్బు ఈరోజు బంగారం ధర, దగ్గర్లో గోల్డ్ షాప్ అని వెతికేవాళ్ల మీద పెట్టి చూడండి, వాళ్లలో మీ పేరు తెలియనివాళ్లు ఉంటారు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు, బదిలీ మీద వచ్చినవాళ్లు. గూగుల్ మ్యాప్స్‌లో షాపు టైమింగ్స్, ఫోన్ నంబర్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి, దానికి పైసా ఖర్చు లేదు, చాలా షాపులవి తప్పే ఉంటాయి. ఈ ప్రయోగం మాత్రం అక్షయ తృతీయ నెలలోనో, పెళ్లిళ్ల సీజన్ మధ్యలోనో పెట్టకండి, అప్పుడు యాడ్ ఉన్నా లేకపోయినా జనం వస్తారు, ఏజెన్సీ వాళ్లు అదీ తమ ఖాతాలోనే వేసుకుంటారు.