నా పేచీ ఆ రెండో బాంబుతోనే

"యుద్ధాన్ని త్వరగా ముగించడానికి జపాన్ మీద అణుబాంబులు వేయడం సమంజసమేనా?" అని అడిగారు. 'బాంబులు' అన్న ఆ బహువచనం దగ్గరే నాకు పేచీ.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా తాతయ్య కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లి బియ్యం మిల్లులో పనిచేసేవారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, వేలాది మందితో పాటు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగి వచ్చారు. వెంట బయలుదేరిన తమ్ముడు కలరా సోకి దారిలోనే పోయాడు. హిరోషిమా మాట ఎత్తితే ఆయన ముఖంలో జాలి కనిపించేది కాదు. "ఇంకో ఏడాది సాగి ఉంటే ఎంతమంది పోయేవారో" అనేవారు. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. చైనాలో, ఆగ్నేయాసియాలో జపాన్ ఆక్రమణ కింద 1945లో కూడా జనం చనిపోతూనే ఉన్నారు. అమెరికా సైనికులను ఒక పళ్లెంలో, జపాన్ పౌరులను మరో పళ్లెంలో పెట్టి తూచేవాళ్లకు వీళ్లు కనబడరు.

అందుకే హిరోషిమా విషయంలో నేను ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు. చక్రవర్తిని ఉండనిస్తామన్న మాట జపాన్‌ను లొంగిపొమ్మంటూ మిత్రరాజ్యాలు చేసిన జులై 26 నాటి పోట్స్‌డామ్ ప్రకటనలో లేదు. చివరికి ఉండనిచ్చారు కదా, ఆ ముక్కేదో ముందే చెప్పి చూడవలసింది అనిపిస్తుంది.

నాగసాకి సంగతి వేరు. ఉద్యోగరీత్యా నేను రెండేళ్లు జపాన్‌లోని కొకురాలో ఉన్నాను. ఆగస్టు 9న రెండో బాంబు పడవలసింది ఆ ఊరి మీదే, అక్కడి ఆయుధ కర్మాగారం కోసం. మబ్బో పొగో కమ్మి గురి కుదరలేదు. విమానం మూడుసార్లు ప్రయత్నించి నాగసాకికి మళ్లింది. ఇప్పుడు కొకురాలోని కత్సుయామా పార్కులో నాగసాకి మృతుల స్మారకంగా ఒక గంట ఉంది. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా విప్పుకునేది నేను ఆ పార్కులోనే. ఒకరోజు తోటి ఉద్యోగి, పెద్దాయన, ఆ గంట వైపు చూపించి "ఆ రోజు మా అమ్మ ఈ ఊళ్లోనే ఉంది" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

ఆ తర్వాతే ఈ చరిత్ర శ్రద్ధగా చదివాను. రెండో బాంబుకు విడిగా ఉత్తర్వే లేదు! మొదటిది వేయండి, మిగతావి తయారైనవి తయారైనట్టు వేయండి అని జులై 25నే ఒకే ఆదేశం వెళ్లింది. ఆగస్టు 11న వేయాలనుకున్నదాన్ని వాతావరణం చెడబోతోందని 9కి జరిపారు. పడింది అణుబాంబేనా అని చూసి రమ్మని టోక్యో పంపిన శాస్త్రవేత్త నిషినా హిరోషిమా చేరిందే 8న. 9న సోవియట్ సేనలు మంచూరియాలోకి దిగాయి. ఆ ఉదయం టోక్యోలో ఆరుగురు సభ్యుల యుద్ధ మండలి కూర్చుని ఉండగానే నాగసాకి వార్త వచ్చింది. అయినా ఏ షరతుల మీద లొంగిపోవాలన్న దగ్గర ముగ్గురు ఇటు, ముగ్గురు అటు చీలినవాళ్లు చీలినట్టే ఉన్నారు. అర్ధరాత్రి దాటాక చక్రవర్తి కల్పించుకుంటే గానీ తేలలేదు.

రెండోది వేయకపోతే అమెరికా దగ్గర ఒక్కటే ఉందనుకునేవారని కొందరు వాదిస్తారు. కావచ్చు. మరి అలా అనుకుంటున్నారో లేదో చూడటానికి వారం రోజులైనా ఆగారా? తన అనుమతి లేకుండా ఇంకొకటి వేయవద్దని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ చెప్పింది 10న. అప్పటికి నాగసాకి అయిపోయింది. ఆ ఏడాది ముగిసేలోగా అక్కడ చనిపోయినవారు 70,000కు పైనే.

నేను కొకురా వెళ్లేనాటికి తాతయ్య లేరు. ఉండి ఉంటే ఇదంతా ఆయన ముందు పెట్టి వాదించేవాడిని. ఒప్పుకునేవారు కాదనే నా అనుమానం.