కుప్ప వేరు, వరస వేరు

సందేహం:
మాస్టారికి నమస్కారం. ద్వారకానగర్‌లో డిప్లొమా, డిగ్రీ పిల్లలకు డేటాబేస్ (కంప్యూటర్‌లో సమాచారాన్ని పట్టికలుగా దాచే ఏర్పాటు) పాఠాలు చెబుతాను. వాళ్లలో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. అందుకని నోట్సు తెలుగులో రాసిస్తున్నాను. 'సార్ట్'కి ఒకచోట వర్గీకరణ అనీ, ఇంకోచోట క్రమబద్ధీకరణ అనీ చూశాను. 'గ్రూప్'కి కూడా వర్గీకరణ అనే వాడుతున్నారు. "వర్గీకరించిన ఫలితాలను వర్గీకరించడం" అని రాయాల్సి వచ్చి పెన్ను ఆపేశాను. పిల్లలేమో గ్రూప్ చేస్తే వరస దానంతటదే వస్తుందనుకుంటున్నారు. రిలేషన్ అంటే సంబంధమేనా? పట్టికల మధ్య గీతలు గీసి చూపించే బొమ్మను ఏమనాలి? ఇంకొకటి, తెలుగు పేర్లను అక్షరక్రమంలో పెట్టమంటే కొన్ని తారుమారుగా వస్తున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:
అమ్మా, మీరు ఆ వాక్యం దగ్గర పెన్ను ఆపడం మంచిదైంది. అది అలాగే నోట్సులోకి ఎక్కి ఉంటే పిల్లలు రెండు పనులను ఒకటే అనుకుని కంఠస్థం చేసేవారు.

ముందు వర్గీకరణ సంగతి. ఈ మాట అర్థం దాని నిర్మాణంలోనే ఉంది. సంస్కృతంలో చ్వి అనే ప్రత్యయం ఉంది. ముందు అలా లేనిదాన్ని అలా చేయడం దాని అర్థం. వర్గాలుగా లేనిదాన్ని వర్గాలుగా చేస్తే వర్గీకరణ. ఇందులో ముందు వెనకల ఊసే లేదు. వాడుక చూసినా అంతే. ఎస్సీ వర్గీకరణ అని పేపర్లలో ఏళ్ల తరబడి చదువుతున్నాం. కులాల పేర్లను అక్షరక్రమంలో పెడతారని దానికి ఎవరూ అర్థం చెప్పుకోలేదు. గుంపులుగా విడదీయడమనే అందరికీ తెలుసు. కాబట్టి వర్గీకరణ 'గ్రూప్' సొత్తు. 'సార్ట్'కి దాన్ని వాడటం తప్పే.

క్రమబద్ధీకరణ కూడా నాకు సమ్మతం కాదు. వ్యాకరణరీత్యా దోషమేమీ లేదు, కానీ వాడుకలో ఆ మాట వేరే దారి పట్టింది. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ, కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ అంటూ, సక్రమం కానిదాన్ని సక్రమం చేయడం అనే అర్థంలో స్థిరపడింది. మీ పిల్లలు ఆ మాట వినగానే వాళ్లకు ముందు తట్టేది ఆ అర్థమే.

మరి ఏమనాలి? మన బడి లెక్కల పుస్తకం దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. ఆరోహణ క్రమం, అవరోహణ క్రమం అన్నవి ప్రాథమిక పాఠశాల పిల్లలకూ తెలుసు. "ఆరోహణ క్రమంలో అమర్చుము" అన్న ప్రశ్న చేయకుండా ఎవరూ బడి దాటలేదు. 'సార్ట్' అంటే అదే. నోట్సులో "క్రమంలో అమర్చడం" అని రాయండి. నోటితో చెప్పేటప్పుడు "వరసలో పెట్టడం" అనండి. వరుస నిఘంటువు రూపం, వరస మన నోటి రూపం. ఏది రాసినా తప్పు లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. "వరసపెట్టి" అని కలిపేస్తే అర్థం మారిపోతుంది. "వరసపెట్టి ఫోన్లు చేశాడు" అంటే ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేశాడని. మీకు కావలసింది "వరసలో పెట్టి".

వర్గం, క్రమం రెండూ వేరువేరని చెప్పడానికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. పలక మీద దిద్దిన అక్షరాలే చాలు. క ఖ గ ఘ ఙ ఒక వర్గం, చ ఛ జ ఝ ఞ ఇంకో వర్గం. పలికే చోటును బట్టి ఇరవై అయిదు అక్షరాలను అయిదు వర్గాలు చేశారు. అక్కడికి వర్గీకరణ పూర్తయింది. కవర్గం ముందుండాలా, పవర్గం ముందుండాలా అన్నది తర్వాతి ప్రశ్న. గొంతు దగ్గర మొదలుపెట్టి తాలువు, మూర్ధం, దంతాల మీదుగా పెదవుల దాకా వచ్చారు. అది క్రమం. వాళ్లు పెదవుల దగ్గర మొదలుపెట్టి పవర్గాన్నే ముందు చెప్పినా వర్గాలు అవే అయిదు ఉండేవి, క్రమం ఒక్కటే మారేది. ఇది బోర్డు మీద రాసి చూపించండి. గ్రూప్ బై (వర్గాలు చేయమనే ఆదేశం), ఆర్డర్ బై (క్రమంలో పెట్టమనే ఆదేశం) రెండూ వర్ణమాలలోనే కనిపిస్తాయి.

ఇంకా కళ్లకు కట్టాలంటే ఒక ఆదివారం తెల్లవారుజామున పిల్లల్ని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లండి. పడవ దించిన సరుకులో వంజరం, చందువ, కానాగంత, రొయ్య అన్నీ కలిసే ఉంటాయి. వాటిని ఏరి రకాలవారీగా కుప్పలు పోస్తారు. ఏ కుప్ప ఎంత తూగిందో లెక్క వేసుకుంటారు. అంతే తప్ప ఎక్కువ తూగిన కుప్పను ఈ చివర, తక్కువ తూగినదాన్ని ఆ చివర పెట్టాలన్న నియమం ఏదీ లేదు. చోటు ఎక్కడ దొరికితే అక్కడ పోస్తారు. బరువు ప్రకారం వరసలో కావాలంటే అది విడిగా చేయాల్సిన పని. కుప్ప అన్న మాటను తరగతిలో వాడటానికి మొహమాటపడకండి. 'సమూహపరచు' కన్నా "కుప్పలు వేయడం" పిల్లవాడికి తొందరగా అందుతుంది. కుప్ప వేశాక విడి చేప కనబడదు, కుప్ప బరువు మాత్రమే కనబడుతుంది. గ్రూప్ చేసిన ఫలితాన్ని ఒక్కో చేప బరువు ప్రకారం వరసలో పెట్టమంటే కుదరకపోవడానికి కారణం కూడా అదే. కుప్పకు ఉన్న గుణాన్ని బట్టే కుప్పలను వరసలో పెట్టగలం.

'బై' అన్న చిన్న మాట దగ్గర కూడా తెలుగు మనకు మేలు చేస్తుంది. ఇంగ్లీషులో గ్రూప్ పక్కనా బై, ఆర్డర్ పక్కనా బై. పిల్లలకు రెండూ ఒకలాగే వినిపిస్తాయి. మనకు రెండు వేరువేరు మాటలున్నాయి. వార్డులవారీగా, మండలాలవారీగా, రకాలవారీగా అన్నప్పుడు "వారీగా" గ్రూప్ బైకి సరిగ్గా సరిపోతుంది. బరువు ప్రకారం, పేరును బట్టి అన్నవి ఆర్డర్ బైకి సరిపోతాయి. ఈ తేడాను నోట్సులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పాటించండి. "మార్కులవారీగా సార్ట్ చేయండి" అని ఒక్కచోట రాసినా పాత గందరగోళం తిరిగొస్తుంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయం చెబుతాను. డేటాబేస్‌ను సమాచారం అడిగే భాష ఎస్.క్యు.ఎల్. దాని వాక్యాన్ని ఇంగ్లీషులో సెలెక్ట్‌తో మొదలుపెట్టి రాస్తారు. కానీ దాని అర్థం చెప్పుకునే క్రమం వేరు. ముందు ఫ్రమ్, తర్వాత వేర్, తర్వాత గ్రూప్ బై, ఆపైన హ్యావింగ్, అప్పుడు సెలెక్ట్, అన్నిటికన్నా చివర ఆర్డర్ బై. ఆదిలో ఉన్న మాట అయిదోది కావడం కొత్తగా నేర్చుకునేవాళ్లను తికమక పెడుతుంది. అదే తెలుగులో చెప్పి చూడండి:

"చేపల పట్టికలోంచి, ఈ రోజు వచ్చినవాటిని తీసుకుని, రకాలవారీగా కుప్పలు వేసి, వంద కిలోలు దాటిన కుప్పలనే ఉంచి, రకం పేరూ మొత్తం బరువూ రాసి, బరువు తగ్గే క్రమంలో చూపించు."

ఒక్క మెట్టు కూడా ఎక్కడా తప్పలేదు. తీసుకుని, వేసి, ఉంచి, రాసి అన్న క్త్వార్థకాలు ఏ పని తర్వాత ఏ పని జరగాలో చెబుతున్నాయి. అసలు క్రియ చివర వచ్చింది. వేర్, హ్యావింగ్ తేడా కూడా ఇందులోనే తేలిపోయింది. కుప్ప వేయక ముందు చేపలను వడకట్టేది వేర్, వేశాక కుప్పలను వడకట్టేది హ్యావింగ్. మీ పిల్లలకు ముందు తెలుగు వాక్యం రాయించండి. ఆ తర్వాత ఒక్కో ముక్క కింద ఇంగ్లీషు మాట రాయించండి. తెలుగు మీడియం నుంచి వచ్చామని టెన్షన్ పడే పిల్లలకు ఇక్కడ వాళ్ల భాషే దారి చూపిస్తుంది. ఇది వాళ్లకు తప్పకుండా చెప్పండి.

గ్రూప్ చేస్తే వరస దానంతటదే వస్తుందన్న పొరపాటుకు మాటలు మాత్రమే కారణం కాదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో 5.7 వెర్షన్ దాకా గ్రూప్ బై రాస్తే ఫలితం ఆ నిలువు వరుస క్రమంలోనే వచ్చేది. 2018లో విడుదలైన 8.0లో ఆ అలవాటు తీసేశారు. పాత నోట్సు చదివినవాళ్లకూ, పాత కంప్యూటర్లలో నేర్చుకున్నవాళ్లకూ ఆ భ్రమ మిగిలిపోయింది. ఆర్డర్ బై రాయకపోతే అడ్డువరుసలు ఏ క్రమంలోనైనా రావచ్చు. ఒకసారి సరిగ్గా వచ్చాయంటే అది కలిసిరావడమే.

దీని మూలం మీ తర్వాతి ప్రశ్నలో ఉంది. రిలేషనల్ అన్న మాటను డేటాబేస్‌లోకి తెచ్చినవాడు ఐబీఎం కంప్యూటర్ కంపెనీలో పనిచేసిన ఎడ్గర్ కాడ్, 1970లో. ఆయన గణితవేత్త, మాట కూడా గణితం నుంచే తీసుకున్నాడు. మన లెక్కల పాఠాల్లో సమితుల పక్కనే వచ్చే 'సంబంధం' ఇదే. అక్కడ సంబంధం అంటే ఒక సమితి. కాడ్ చెప్పిన రిలేషన్ కూడా అంతే, అంటే పట్టికే రిలేషన్. రెండు పట్టికల మధ్య చుట్టరికం అని చాలామంది అనుకుంటారు, అది సరికాదు. సమితిలో ముందు వెనకలు ఉండవు కదా, ఒకటి రెండు అని రాసినా, రెండు ఒకటి అని రాసినా అదే సమితి. అందుకే పట్టికకు సహజంగా వరస లేదు. మనం అడిగితేనే వరస వస్తుంది.

తెలుగులో సంబంధం అనగానే పెళ్లి సంబంధం గుర్తుకొస్తుంది, రెండు ఇళ్ల మధ్య ముడి అనిపిస్తుంది. ఆ ప్రమాదం ఉంది కాబట్టి రిలేషన్‌కి సంబంధం అన్న గణిత పదాన్ని ఉంచి, పట్టికల మధ్య ముడికి వేరే మాట వాడమంటాను. లంకె అనండి. రెండింటిని కలిపి కట్టేది లంకె. లంకెబిందెల కథ తెలియని పిల్లలుండరు. నెట్‌లో లింకుకు కూడా ఈ మాట ఇప్పటికే వాడుతున్నారు.

పట్టిక మాటను మార్చకండి. హాజరు పట్టీ, ఎక్కాల పట్టిక మనకు అలవాటైనవే. లాటిన్‌లో టేబుల్‌కి మూలమైన మాటకు పలక అని అర్థం. సంస్కృత పట్టికకూ పలక అన్న అర్థం ఉంది. రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి. అడ్డువరుస, నిలువు వరుస కూడా మాత్రికల పాఠంలో చదువుకున్నవే. అయితే అడ్డువరుసను పొట్టిగా "వరస" అని రాయకండి. ఆర్డర్ బై పాఠంలో అది అడ్డం తిరుగుతుంది.

బొమ్మకు పటం సరిపోతుంది. పాఠ్యపుస్తకాల్లో "పటం చూడండి" అని రాస్తూనే ఉన్నాం. రేఖాచిత్రం అన్నా తప్పులేదు, కాస్త బరువు. ఈ పటాలకు దారి వేసింది పీటర్ చెన్ 1976లో రాసిన వ్యాసం. ఆయన పద్ధతిలో వస్తువుకు దీర్ఘచతురస్రం, లంకెకు రాంబస్ గీస్తారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది గీత చివర మూడు వేళ్లుండే పద్ధతి. దాని ఇంగ్లీషు పేరుకు అర్థం కాకి పాదం. మీరు కాకికాలు అనండి, పిల్లలు మరిచిపోరు. హార్బర్ ఉదాహరణే కొనసాగిస్తే, పడవల పట్టిక ఒకటి, వేటల పట్టిక ఒకటి. ఒక పడవ ఎన్నిసార్లయినా వేటకు వెళ్తుంది. ఒక వేట మాత్రం ఒకే పడవది. పడవ వైపు ఒంటి గీత, వేట వైపు కాకికాలు. పడవ నంబరు పడవల పట్టికలో ప్రైమరీ కీ. అదే నంబరు వేటల పట్టికలో ఫారిన్ కీ. ఈ రెంటినీ తెనిగించబోయి "ప్రాథమిక తాళంచెవి", "విదేశీ తాళంచెవి" అన్నవాళ్లున్నారు. ప్రాథమిక అంటే మొదటి దశ అని పిల్లలు అనుకుంటారు. ఇక్కడ విదేశం ఏదీ లేదు, ఉన్నది పక్క పట్టిక. ప్రైమరీ కీ, ఫారిన్ కీ అనే ఉంచండి. అర్థం చెప్పేటప్పుడు "పొరుగు పట్టిక నుంచి వచ్చిన గుర్తు" అంటే చాలు.

ఇక అక్షరక్రమం తారుమారు కావడం. మనం నేర్చుకున్న వర్ణమాలలో య ర ల వ శ ష స హ అయ్యాక ళ వస్తుంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులోని అంకెలు చూస్తే ల తర్వాత ళ, దాని తర్వాతే వ ఉన్నాయి. ఱ అయితే ర వెంటనే వచ్చేస్తుంది. అంకెలను బట్టి వరసలో పెట్టే అమరిక ఎంచుకుంటే యంత్రం ఆ లెక్కనే పాటిస్తుంది. దాని పొరపాటేమీ లేదు. తెలుగు నిఘంటువు క్రమం కావాలంటే పట్టికకు పెట్టిన అమరికను, అంటే కొలేషన్‌ను, చూసుకోవాలి. తరగతిలో కవి, కళ అని రెండే పేర్లు ఇచ్చి వరసలో పెట్టించండి. కళ ముందు వస్తే మీ పట్టిక అంకెల వరసలో ఉన్నట్టు, కవి ముందు వస్తే వర్ణమాల వరసలో ఉన్నట్టు.